కోడిపేగు కాక్సిడియా లోపలి వైరస్ కోసం: నెల్లూరు ప్రాజెక్టు డైరీ

అక్టోబరు 18, చిత్త కార్తె

ఈశాన్య రుతుపవనాలు దిగగానే నెల్లూరు జిల్లా కోళ్లషెడ్లలో మొదట మారేది ఊక వాసన. మూడు రోజులు ముసురు పట్టిందంటే పక్క పరదాలు దించక తప్పదు. గాలి ఆడదు, నీళ్ల నిప్పుల్స్ కింద ఊక ముద్దకడుతుంది. ‘ఊక తడిస్తే కాక్సీ వస్తాది’ అని షెడ్డు పనివాళ్లు అనే మాటలో శాస్త్రమంతా ఉంది. ‘కాక్సీ’ అంటే కాక్సిడియా అనే ఏకకణ పరాన్నజీవి తెచ్చే పేగురోగం. రెట్టతో పడే కాక్సిడియా ఊసిస్టు (గట్టి గోడ ఉన్న గుడ్డులాంటి దశ) అప్పటికింకా పచ్చిది. తేమ, ఆక్సిజన్, 28–30 డిగ్రీల వేడి దొరికితే రెండు మూడు రోజుల్లో పండుతుంది, ఇంకో కోడిని పట్టే శక్తి అప్పుడొస్తుంది. అందుకే ఇప్పటినుంచి సంక్రాంతి దాకా శాంపిళ్లకు మంచి అదను.

వెతికేది మాత్రం కాక్సిడియాను కాదు, దాని కడుపులో కాపురముండే వైరస్‌ను. ఏకకణ పరాన్నజీవులకూ వైరస్‌లు పడతాయని గట్టిగా తేలి నలభై ఏళ్లు కావస్తోంది. 1986లో సి.సి. వాంగ్, ఆలిస్ వాంగ్ ట్రైకోమోనాస్‌లోనూ గియార్డియాలోనూ రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఉన్న వైరస్‌లను చూపించారు. దూడలకు పారుడు తెచ్చే క్రిప్టోస్పోరిడియంలో ఉండేది రెండు ముక్కల జన్యువున్న వైరస్: 1.8, 1.4 కిలోబేసుల ముక్కలు (వెయ్యి జన్యు అక్షరాలు ఒక కిలోబేసు). దక్షిణ అమెరికా లీష్మేనియాలోని వైరస్ రోగాన్నే ముదరబెడుతుందని, మన రోగనిరోధక కణాల్లోని టీఎల్‌ఆర్-3 అనే గ్రాహకం దాని ఆర్‌ఎన్‌ఏను పసిగట్టి వాపును పెంచుతుందని 2011లో తేలింది. కోళ్ల కాక్సిడియా ఐమీరియా అనే ప్రజాతివి. ఆ ప్రజాతిలో కుందేలు కాలేయాన్ని పట్టే ఐమీరియా స్టీడై, కోళ్లను పట్టే బ్రునెట్టి, టెనెల్లా జాతుల్లో దొరికిన టోటీవైరస్‌ల (రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఉన్న ఒక వైరస్ కుటుంబం) పూర్తి జన్యుక్రమాలు ఉన్నాయి. పొడవు 5.3 నుంచి 6.2 కిలోబేసుల మధ్య. టెనెల్లాది 6 కిలోబేసులు.

టోటీవైరస్‌లు మామూలుగా కణం దాటి బయటికి రావు. తల్లి కణం చీలితే పిల్ల కణాలకు పంచబడతాయి, అంతే. గియార్డియా వైరస్ ఒక మినహాయింపు, అది బయటికొచ్చి కొత్త కణంలో దూరగలదు. కాబట్టి ఐమీరియాలో వైరస్ ఉంటే అది ఊసిస్టు గోడ లోపలే ఉండాలి. పని మొత్తాన్నీ ఈ ఒక్క మాట మీదే కట్టాం. కోడిరెట్ట నుంచి రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ తీయడం కష్టం కాదు, ఆ ఆర్‌ఎన్‌ఏ ఎవరిదో తేల్చడమే కష్టం.

అక్టోబరు 24

మూడు చోట్ల శాంపిళ్లు తీశాం. ‘ఏ’ పొదలకూరు వైపు బ్రాయిలర్ షెడ్డు, 26 రోజుల పిల్లలు. ‘బి’ సింగరాయకొండ వైపు పెరట్లో పెంచే నాటుకోళ్లు. ‘సి’ నెల్లూరు టౌన్‌లో చికెన్ అంగడి వ్యర్థాలు.

చచ్చిన లేదా కోసిన కోడి గుడ్డిపేగులు జతగా తీసి, కత్తెరతో నిలువునా చీల్చి, లోపలి పదార్థాన్ని స్లైడు అంచుతో గీకి 2.5 శాతం పొటాషియం డైక్రోమేట్‌లో వేయాలి (లీటరు నీటికి 25 గ్రాములు). ఒక వంతు పదార్థానికి నాలుగు వంతుల ద్రావణం. ఫార్మలిన్ పోస్తే ఊసిస్టు చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అందులోంచి పనికొచ్చే ఆర్‌ఎన్‌ఏ రావడం కష్టం. పశువైద్యశాలల్లో అలవాటు కొద్దీ ఫార్మలిన్ సీసా ఇస్తారు, ముందే చెప్పిపెట్టుకోవాలి.

‘ఏ’లో మొదటి రోజు పొరపాటు జరిగింది. ఎర్రగా రక్తంతో ఉబ్బిన పేగులనే ఏరి తెచ్చాం. మైక్రోస్కోపులో ఎర్రకణాలూ షైజాంట్లూ (పరాన్నజీవి చీలి పెరిగే దశ) కుప్పలుగా ఉన్నాయి, ఊసిస్టులు మాత్రం ఫీల్డుకు ఒకటో రెండో. కారణం తేలికే. టెనెల్లాలో రక్తస్రావం వచ్చేది వ్యాధి పట్టిన అయిదో రోజు ప్రాంతంలో, అప్పటికి లైంగిక దశ పూర్తికాదు. ఊసిస్టులు విరివిగా పడేది ఏడో రోజు మొదలుకొని. రక్తం తగ్గి, లోపల జున్నుముక్కలా గట్టిపడిన గడ్డ ఉన్న పేగులు తేవాలి. మర్నాడు అవే తెచ్చాం, ఒక్కో జత నుంచి 20–30 లక్షల ఊసిస్టులు వచ్చాయి.

గుడ్డిపేగులో దొరికిందల్లా టెనెల్లా అనుకోకూడదు. నెకాట్రిక్స్ అనే ఇంకో ఐమీరియా జాతి కూడా మొదట నడిమి పేగులో పెరిగినా, ఊసిస్టులు మాత్రం గుడ్డిపేగులోనే పెడుతుంది. సగటు కొలత టెనెల్లాకు 22×19 మైక్రాన్లు, నెకాట్రిక్స్‌కు 20×17. కొలతలు ఒకదాని మీద ఒకటి పడతాయి కనుక కంటితో తేల్చలేం, ఐటీఎస్-1 పీసీఆర్ (జన్యువు ముక్కను పెంచి జాతిని గుర్తించే పరీక్ష) చేయాల్సిందే.

అక్టోబరు 27–30, స్వాతి కార్తె

కడగడం, తేల్చడం, లెక్కపెట్టడం.

డైక్రోమేట్ పోయేదాకా నీళ్లతో మూడు నాలుగు సార్లు కడగాలి. పైనీటిలో పసుపు ఛాయ కంటికి కనిపించినంతసేపూ కడుగుడు ఆపకూడదు, మిగిలిన క్రోమియం తర్వాత పీసీఆర్ ఎంజైమును చంపుతుంది. రెండు మడతల గాజుగుడ్డలో వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 1,100 జి (భూమ్యాకర్షణకు 1,100 రెట్లు) దగ్గర 10 నిమిషాలు తిప్పి అడుగు మడ్డి తీసుకున్నాం.

తేల్చడానికి సంతృప్త ఉప్పునీరు: లీటరు నీటికి 360 గ్రాములు. ఇసకపల్లి ఉప్పుమడుల రాళ్లుప్పే వాడాం. అందులో ఇసక, జిప్సం నలుసులు ఉంటాయి కాబట్టి గోరువెచ్చని నీటిలో కరిగించి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట దూదిలో వడకట్టాలి. హైడ్రోమీటరులో సాంద్రత 1.20 చూపాలి. సాంద్రత తగ్గితే కొన్ని ఊసిస్టులు అడుగునే ఉండిపోతాయి.

మడ్డిని ఉప్పునీటిలో బాగా కలిపి మళ్లీ 10 నిమిషాలు తిప్పితే పైన పలుచని బూడిదరంగు పొర కడుతుంది. అదే సరుకు. దాన్ని పిపెట్‌తో లాగి కనీసం పది రెట్ల నీటిలో కలపాలి. కొత్తవాళ్ల చేతిలో ఊసిస్టులు పోయేది ఇక్కడే. రెండు మూడు రెట్లే కలిపితే ఉప్పు సాంద్రత చాలినంత తగ్గక అవి సరిగా మునగవు. అడుగున ఏమీ లేదనుకుని పైనీరు పారబోస్తే పంటంతా సింకు పాలు. అడుగు చూసి నిరాశపడేముందు పైనీటి చుక్క ఒకటి మైక్రోస్కోపులో చూడాలి.

లెక్కకు మెక్‌మాస్టర్ స్లైడు. రెండు గదులూ కలిపి 0.3 మి.లీ. వెయ్యి రెట్లు పలుచన చేసినప్పుడు రెండు గదుల్లో 90 కనిపిస్తే, మి.లీ.కు 300, అసలు ద్రావణంలో మి.లీ.కు 3 లక్షలు. ఒక్కో ఎక్స్‌ట్రాక్షన్‌కు (ఆర్‌ఎన్‌ఏ తీసే విడతకు) కోటి ఊసిస్టులు పెట్టుకున్నాం. ‘ఏ’కు రెండున్నర కోట్లు, ‘బి’కి రెండు కోట్ల పైచిలుకు వచ్చాయి. ‘సి’కి ఆరు లక్షలే. పైగా అంగడికి కోళ్లు ఎక్కడెక్కడివో వస్తాయి, ఒక్కో జత ఏ మందదో తెలియదు. ‘సి’ని ఆపేశాం.

నవంబరు 2

పండబెట్టడం ఆర్‌ఎన్‌ఏకు అవసరం లేదు, జాతి నిర్ధారణకే. అందుకే ప్రతి శాంపిల్‌లో పదో వంతు మాత్రం తీసి, తాజా డైక్రోమేట్‌లో 29 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచాం. గాలికి ఆక్వా షాపులో దొరికే చిన్న పంపు, ఎయిర్ స్టోన్ చాలు. ఫ్లాస్కు మూతికి దూది బిరడా తప్పనిసరి, బుడగలతో డైక్రోమేట్ తుంపరలు లేస్తాయి, అది క్యాన్సర్ కారకం. పండిన ఊసిస్టులో నాలుగు స్పోరోసిస్టులు (లోపలి చిన్న సంచులు), ఒక్కోదానిలో రెండు స్పోరోజాయిట్లు (కోడిని పట్టే కణాలు) లెక్కకు రావాలి. ‘ఏ’లో వందకు 84, ‘బి’లో 79 పండాయి.

వాడిన డైక్రోమేట్ మోరీలో పోయకూడదు. ఆమ్లం చేర్చి పీహెచ్ 2–3కి దించి సోడియం బైసల్ఫైట్ కొద్దికొద్దిగా వేస్తే నారింజ రంగు పచ్చబడుతుంది. ఆ పచ్చదనమే ఆరు వేలెన్సీ క్రోమియం మూడుకు దిగిందనడానికి గుర్తు. తర్వాత సున్నంతో అడుగుపట్టించి, ఆ మడ్డిని విడిగా డబ్బాలో దాయాలి. బైసల్ఫైట్ వేసేటప్పుడు ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, ఫ్యూమ్ హుడ్‌లో చేయాలి.

నవంబరు 9, విశాఖ కార్తె

మొదటి ఎక్స్‌ట్రాక్షన్, ‘ఏ’ నుంచి కోటి ఊసిస్టులు.

గోడ పగలగొట్టడానికి 0.5 మి.మీ. గాజుపూసలు, ఊసిస్టు మడ్డికి సమానంగా. ఎస్‌టీఈ బఫరు, 1 శాతం ఎస్‌డీఎస్ (డిటర్జెంటు), సమాన పరిమాణం ఫీనాల్, అన్నీ ముందే ట్యూబులో ఉండాలి. బఫరులో పగలగొట్టి తర్వాత ఫీనాల్ పోస్తే ఆ మధ్య నిమిషాల్లోనే ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైములు పని కానిచ్చేస్తాయి. వోర్టెక్స్ (ట్యూబును గిలకొట్టే యంత్రం) మీద ఒక నిమిషం, ఐస్ ఒక నిమిషం, ఇలా ఎనిమిది విడతలు. ఎన్ని విడతలు చాలతాయో ఫీనాల్ లేని జత ట్యూబులో ముందు చూసుకోవాలి: ఆరో విడతకు వందలో 60 పగిలాయి, ఎనిమిదికి 90. పశువుల ఎద సూదుల కేంద్రం నుంచి లిక్విడ్ నైట్రోజన్ తెచ్చి గడ్డకట్టించి కరిగించి కూడా చూశాం, అయిదు సార్లకీ సగం కూడా పగల్లేదు. పూసలే మేలు.

ఎస్‌టీఈ లీటరుకు: ఉప్పు 5.84 గ్రాములు, ట్రిస్ 6.06, ఈడీటీఏ డైసోడియం 0.37, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 6.8.

తర్వాత సెల్యులోజ్ కాలమ్. 1979లో మోరిస్, డాడ్స్ మొక్కల వైరస్‌లకు వాడిన పద్ధతే. దీని కిటుకంతా ఆల్కహాల్ శాతంలో ఉంది. 16 శాతం ఇథనాల్‌లో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ సెల్యులోజ్‌ను పట్టుకుంటుంది, ఒంటి పోగుది, డీఎన్‌ఏ జారిపోతాయి. 35 శాతానికి పెంచితే ఒంటి పోగుదీ పట్టేస్తుంది. ఆల్కహాల్ తీసేస్తే అన్నీ వదులుతాయి. ఫీనాల్ నుంచి వేరుచేసిన పైనీరు 10 మి.లీ. ఉంటే శుద్ధ ఇథనాల్ 1.9 మి.లీ., 96 శాతందైతే 2 మి.లీ. చేర్చాలి. ఏ సీసా వాడారో చూసుకోకుండా పోస్తే తేడా వస్తుంది. మూత తీసిన సీసాలో ఆల్కహాల్ మన వేడికి ఊరికే ఎగిరిపోతుంది, పోయేముందు కలిపి, పోయగానే మూత బిగించాలి.

10 మి.లీ. సిరంజిలో గాజు ఊలు బిరడా, దానిమీద ఒక గ్రాము సెల్యులోజ్ పొడి. శాంపిల్ పోసి, 16 శాతం ఇథనాల్ ఎస్‌టీఈతో 40 మి.లీ. కడగాలి. చివరి చుక్క దాకా కారనిచ్చి, ఇథనాల్ లేని ఎస్‌టీఈ 2 మి.లీ. చొప్పున మూడుసార్లు. మొదటి అర మి.లీ. పక్కన పెట్టాలి, అందులో ఇంకా ఆల్కహాల్ నీరే ఉంటుంది. కారిన దానికి పదో వంతు 3 మోలార్ సోడియం అసిటేట్, రెండున్నర రెట్లు చల్లని ఇథనాల్ కలిపి రాత్రంతా మైనస్ 20లో.

1 శాతం అగరోజ్ జెల్‌లో (ముక్కలను పొడవును బట్టి వేరుచేసే పలక) మూడు చోట్ల గీతలు కనిపించాయి. 6 కిలోబేసుల దగ్గర ఒక మసక, 4.6 దగ్గర గట్టి గీత, కింద 2.5, 1.7 దగ్గర ఒక జత. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ, అదే పొడవున్న డీఎన్‌ఏ జెల్‌లో ఒకేచోట ఆగవు, డీఎన్‌ఏ లాడర్ (తెలిసిన పొడవుల కొలబద్ద) పక్కన చదివిన ఈ సైజులు అందాజే.

నవంబరు 12

ఈ జెల్ ఫొటో చూసి ‘వైరస్ దొరికింది’ అని రాసేయడం చాలా సులువు. రాయకూడదు. కోడిపేగులో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ మోసేవాళ్లు చాలామంది. కోడి రోటావైరస్‌కు 11 ముక్కలు, రియోవైరస్‌కు 10. పికోబిర్నావైరస్‌కు రెండు ముక్కలు, ఇంచుమించు 2.5, 1.7. జత గీతలు అచ్చం అవే సైజులు. ఈస్టులోని ఎల్-ఏ టోటీవైరస్ 4.6.

మిగిలిన ఊసిస్టు ద్రావణం చుక్కను 40 ఆబ్జెక్టివ్‌లో మళ్లీ చూస్తే సంగతి బోధపడింది. ఊసిస్టుల నడుమ, వాటిలో అయిదో వంతు కూడా లేని కోడిగుడ్డు ఆకారపు గింజలు, కొన్నిటికి పక్కన మొలక. ఈస్టు మొగ్గలు. సంతృప్త ఉప్పునీటిలో ఊసిస్టుతోపాటు ఈస్టూ తేలుతుంది. తేల్చడం అంటే శుద్ధి కాదని అందుకే అనేది.

రెండు పరీక్షలు పెట్టాం. ఒకటి, కడిగిన చివరి నీటిలో 8 శాతం పీఈజీ 6000 (వైరస్ కణాలను అడుగుపట్టించే రసాయనం), అర మోలార్ ఉప్పు కలిపి 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, 10,000 జి దగ్గర తిప్పి, ఆ మడ్డి నుంచి ఆర్‌ఎన్‌ఏ తీశాం. 2.5, 1.7 జత అందులోనూ ఉంది. అంటే అది గోడ బయటిది. రెండు, ద్రావణాన్ని సబురో అగర్ (ఈస్టును పెంచే మాధ్యమం) మీద పరిచి, మొలిచిన తెల్లని కాలనీలు పెంచి వాటి నుంచి తీశాం. 4.6 గీత వచ్చింది. అది ఈస్టుది. మిగిలింది 6 దగ్గరి మసక ఒక్కటే, దానికీ ఇంకా ఊరూ పేరూ లేవు.

నవంబరు 20–26, అనూరాధ కార్తె

రెండో విడత. మొదటిదానికీ దీనికీ తేడా ఒక్క హైపోక్లోరైట్.

ఊసిస్టు గోడ రెండు పొరలు. హైపోక్లోరైట్ బయటి పొరను తినేస్తుంది, లోపలి పొర దాటలేదు. బయట అంటుకున్న ఈస్టు, బాక్టీరియా, వైరస్ కణాలు మాత్రం దానికి తాళలేవు. మందుల షాపులో దొరికే 4 శాతం సోడియం హైపోక్లోరైట్‌ను ఊసిస్టు ద్రావణానికి సమానంగా కలిపి (చివరికి 2 శాతం) ఐస్ మీద 15 నిమిషాలు. కొత్త సీసానే వాడాలి. ఎండలో నిలవున్న సీసాలో లేబుల్ మీద 4 ఉన్నా లోపల సగం కూడా ఉండకపోవచ్చు. ఆమ్లం దగ్గరికి రానివ్వకూడదు, క్లోరిన్ వస్తుంది.

ఆరుసార్లు కడిగాం. నీటిలో క్లోరిన్ మిగిలిందో లేదో రొయ్యల చెరువు నీటికి వాడే టెస్ట్ కిట్‌తోనే చూడొచ్చు. రంగు రాని దాకా కడగాలి, మిగిలిన క్లోరిన్ గోడ పగలగానే లోపలి ఆర్‌ఎన్‌ఏను కాల్చేస్తుంది. చివరి కడుగునీరు కంట్రోల్‌గా దాచాం. సబురో అగర్ మీద ఈసారి ఒక్క కాలనీ లేవలేదు. మైక్రోస్కోపులో ఊసిస్టుల గరుకుతనం పోయి, గాజుబిళ్లల్లా నున్నగా మెరుస్తున్నాయి.

‘ఏ’ నుంచి కోటి, ‘బి’ నుంచి కోటి. మిగతాదంతా మొదటి విడతలాగే, సెల్యులోజ్ కాలమ్ మాత్రం రెండుసార్లు.

డిసెంబరు 3

వాయుగుండం. రెండు రోజులు కరెంటు వచ్చీపోతూ ఉంది. నీటిలో కరిగించిన ఆర్‌ఎన్‌ఏ ఫ్రీజరులో కరిగి గడ్డకడుతూ ఉంటే చెడుతుంది. మన జిల్లాల్లో ఈ నెలల్లో ఆర్‌ఎన్‌ఏను ఇథనాల్‌లో అవక్షేపంగానే ఉంచి, వాడే ముందురోజు మాత్రమే నీటిలోకి మార్చాలి.

డిసెంబరు 15, మూల కార్తె

జెల్. చివరి కడుగునీటి వరస పూర్తిగా ఖాళీ. జత గీతలు రెండు శాంపిళ్లలోనూ లేవు, 4.6 లేదు. ‘ఏ’ వరసలో పైన డీఎన్‌ఏ మచ్చ తప్ప ఏమీ లేదు. ‘బి’ వరసలో 6 దగ్గర సన్నని, నికరమైన గీత.

మొదటి విడతలో ‘ఏ’లో కనిపించిన మసక ఇప్పుడు ఎందుకు లేదంటే, అది కాలమ్ ఒక్కసారే వేసినప్పుడు మిగిలిన డీఎన్‌ఏ జీర అయ్యే అవకాశమే ఎక్కువ. ఆనాటి ట్యూబులో మిగిలిన 4 మైక్రోలీటర్లకు డీఎన్‌ఏస్ (డీఎన్‌ఏను కోసే ఎంజైము) వేసి చూశాం, పోయింది.

‘బి’ గీతను మూడు ట్యూబుల్లో పరీక్షించాం. ఆర్‌ఎన్‌ఏస్ (ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైము) కలవని డీఎన్‌ఏస్-1, 37 డిగ్రీలు, అరగంట: గీత నిలిచింది. ఆర్‌ఎన్‌ఏస్-ఏ మి.లీ.కు 10 మైక్రోగ్రాములు, 2ఎక్స్ ఎస్‌ఎస్‌సీ అనే ఉప్పు బఫరులో, అంటే 0.3 మోలార్ ఉప్పులో: నిలిచింది. అదే ఆర్‌ఎన్‌ఏస్, ఇరవయ్యో వంతు ఉప్పున్న 0.1ఎక్స్ ఎస్‌ఎస్‌సీలో: పోయింది. ఉప్పు ఎక్కువున్నప్పుడు రెండు పోగులు గట్టిగా అల్లుకుని ఎంజైముకు పట్టుదొరకనివ్వవు, ఉప్పు తగ్గితే అల్లిక వదులై తెగిపోతాయి. ఈ మూడూ కలిస్తేనే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ అనాలి. ఒక్క డీఎన్‌ఏస్ పరీక్షతో సరిపెట్టే వాళ్లు చాలామంది, అది చాలదు.

జనవరి 4

‘బి’కి ఆర్‌టీ-పీసీఆర్, అంటే ఆర్‌టీ ఎంజైముతో ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, కావలసిన ముక్కను పెంచి చూడటం. టెనెల్లా వైరస్ ప్రచురిత క్రమంలో పాలిమరేజ్ జన్యువు నుంచి ప్రైమర్లు (ఆ ముక్కను గుర్తుపట్టే చిన్న పోగులు). మొదటిసారి ఏమీ రాలేదు. రెండు పోగులూ విడదీయకుండా ఆర్‌టీ ఎంజైము ఎక్కడ కూర్చోవాలి? ప్రైమరుతో పాటు 15 శాతం డీఎంఎస్‌ఓ కలిపి 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు మరిగించి, వెంటనే ఐస్ నీటిలో గుచ్చి, అప్పుడు ఎంజైము చేర్చాలి. మెల్లగా చల్లారనిస్తే పోగులు మళ్లీ జతకడతాయి. శాంపిల్‌లో క్రోమియం అడ్డుపడుతుందేమో తెలియడానికి, తెలిసిన ఆర్‌ఎన్‌ఏ కొంచెం కలిపిన ట్యూబు ఒకటి పక్కన పెట్టాం, అది పలికింది. రెండోసారి ‘బి’ కూడా అనుకున్న సైజులో పలికింది. ‘ఏ’, కడుగునీరు, ఆర్‌టీ ఎంజైము వేయని ట్యూబు, మూడూ ఖాళీ. ఐటీఎస్-1లో ‘బి’కి టెనెల్లా గీత గట్టిగా, నెకాట్రిక్స్ గీత మసకగా వచ్చాయి.

ఆ మసక గీత వల్లే ‘టెనెల్లాలో వైరస్’ అని ఇంకా రాయడం లేదు. మందలో రెండు జాతులు కలిసి ఉన్నాయి, వైరస్ దేనిదైనా కావచ్చు. పీసీఆర్ ముక్కను సీక్వెన్సింగ్‌కు పంపాం. ఆ తర్వాతి పని ఒంటి ఊసిస్టు వంశం తీయడం, అప్పుడు జాతి ఒక్కటే మిగులుతుంది. పండిన ద్రావణాన్ని పలుచగా కరిగిన అగర్‌లో కలిపి స్లైడు మీద పరిచి, మైక్రోస్కోపు కింద చుట్టూ ఇంకోటి లేని ఊసిస్టును ఎంచి, ఆ అగర్ చదరపు ముక్కను బ్లేడుతో కోసి, కాక్సిడియా లేకుండా పెంచిన పిల్లకు నోట్లో వేయాలి. పదింటికి ఒకటీ రెండూ పట్టినా చాలు. జంతు ప్రయోగాల నైతిక కమిటీకి దరఖాస్తు పెట్టాం, అనుమతి వచ్చేదాకా పిల్లలను తేవడం లేదు. ‘బి’ ఊసిస్టులు 40 లక్షలు తాజా డైక్రోమేట్‌లో 4 డిగ్రీల దగ్గర ఉన్నాయి. నెలలు గడిచేకొద్దీ పట్టే శక్తి తగ్గుతూ పోతుంది కాబట్టి సీసా మీద గడువు మార్చి ఆఖరు అని రాసిపెట్టాం.